డాక్టర్ హూ కథలలో కాయపరివర్తనము: మరణస్వరూప విచారము

ఒక కథాపాత్ర మరణించినదని పాఠకుడు దేనినిబట్టి నిశ్చయించును? శరీరము నశించినపుడా? జ్ఞాపకము నశించినపుడా? లేక మనకు పరిచితమైన ఆ మాటతీరు, ఆ నడవడి ఇక కానరావని తెలిసినపుడా? లోకములో ఈ మూడును సామాన్యముగా ఒక్కమారే సంభవించును. కావున ఈ ప్రశ్న మనకు తోచదు. ఈ మూటిని విడదీసి, ఒకటి పోయినను తక్కినవి నిలుచునట్లు చూపు కథ ఏదైనను ఉన్నచో, మరణమను పదమునకు మన మిచ్చుకొను అర్థమును పరీక్షించుటకు అది మంచి ఉపకరణ మగును. ఇంగ్లండులో బి.బి.సి. వారు 1963 నవంబరు 23వ తేదీన ప్రారంభించిన ‘డాక్టర్ హూ’ అను వైజ్ఞానికకల్పనా ధారావాహిక అట్టి కథ.

ఇందలి నాయకునికి డాక్టరు అనియే వ్యవహారము. ఇతడు మానవుడు కాడు. టార్డిస్ అను యంత్రమునెక్కి దేశకాలముల నతిక్రమించి సంచరించువాడు. ప్రాణాపాయము కలిగినపుడు ఇతని దేహము సమూలముగా మారిపోవును. ముఖము, కంఠస్వరము, వయస్సు, అభిరుచులు, స్వభావము అన్నియు మారును. జ్ఞాపకములు మాత్రము నిలుచును. దీనికి ఆంగ్లమున రీజెనరేషన్ అని పేరు. ఈ వ్యాసమున దీనిని కాయపరివర్తనమని వ్యవహరింతును. ఇది మరణమా, కాదా అను చర్చ ఆ కార్యక్రమమును చూచువారిలో చిరకాలముగా సాగుచున్నది. ఆ చర్చలో ఇరుపక్షములవారును కథలోని ఏదో యొక మాటను ప్రమాణముగా గ్రహించి వాదించుట పరిపాటి. కాని కథయే ఈ విషయమున ఒక్కతీరున మాటాడలేదు. 1966 నుండి నేటివరకు దాని అభిప్రాయము పలుమార్లు మారినది. ఆ మార్పుల చరిత్రను క్రమముగా పరిశీలించినగాని ప్రశ్నకు సరియైన సమాధానము లభింపదని నా తలంపు.

భావనిర్ణయము

మన వాఙ్మయమున దీనికి సన్నిహితములైన భావములు మూడు కలవు. మొదటిది పునర్జన్మ. పింగళి సూరన కళాపూర్ణోదయమున కలభాషిణి మధురలాలసయై పుట్టి, శైశవముననే మణిప్రభావముచే పూర్వజన్మవృత్తాంతమును చెప్పును. ఇచ్చట రెండు జన్మలకు నడుమ మరణ మున్నదనుటలో వివాదము లేదు. రెండవది పరకాయప్రవేశము. శంకరాచార్యులు అమరుకమహారాజు దేహమున ప్రవేశించిన కథ సుప్రసిద్ధము. అందు ఆయన పూర్వదేహమును శిష్యులు కాపాడుచుందురు. ఆయన తన్ను తాను మఱచినపుడు ఆ శిష్యులే వచ్చి జ్ఞాపకము చేయుదురు. మూడవది కాయకల్పము. ఇందు దేహమునకు యౌవనము వచ్చునేగాని మనిషి మారడు.

డాక్టరు కాయపరివర్తనము ఈ మూటిలో దేనియందును పూర్తిగా ఇమడదు. కాయకల్పమువలె ఇది గర్భవాసము లేని మార్పు. పరకాయప్రవేశమువలె ఇందు జ్ఞాపకము నిలుచును. కాని తిరిగి చేరుటకు పూర్వదేహము మిగులదు. పునర్జన్మవలె స్వభావము క్రొత్తదగును. కాని నడుమ శవము లేదు. మరణమని చెప్పుటకును, కాదని చెప్పుటకును ఇందు సమానమైన అవకాశ మున్నది. చర్చకు మూల మిదియే.

1966: నవీకరణము

ఈ కల్పన తత్త్వచింతనమునుండి పుట్టలేదు, అవసరమునుండి పుట్టినది. మొదటి డాక్టరు పాత్రధారి విలియం హార్ట్నెల్ 1908లో జన్మించినవాడు. ధమనులు గట్టిపడు వ్యాధివలన ఆయనకు సంభాషణలను జ్ఞప్తియందుంచుకొనుట క్రమముగా దుర్ఘటమయ్యెను. నిర్మాత ఇన్నెస్ లాయిడ్, కథాసంపాదకుడు జెరీ డేవిస్ కార్యక్రమమును ఆపుటకు ఇష్టపడలేదు. ఒక నటుని స్థానమున అతనివలె కనబడు మఱియొకని నిలుపుట నాటకములలో కలదు. వారట్లు చేయక, నాయకుడే అందఱి యెదుట వేఱొక మనిషిగా మారునట్లు కల్పించిరి.

ఆ మార్పు ‘ది టెన్త్ ప్లానెట్’ అను కథ చివర, 1966 అక్టోబరు 29వ తేదీన ప్రసారమయ్యెను. ఆ నాలుగవ భాగము నేడు బి.బి.సి. భాండారమున లేదు. మార్పు జరిగిన కొన్ని క్షణముల చిత్రము మాత్రము 1973లో ‘బ్లూ పీటర్’ అను బాలుర కార్యక్రమమున మరల చూపబడుటచే దక్కినది. దాని తరువాతి కథ ‘ది పవర్ ఆఫ్ ది డాలెక్స్’ ఆఱు భాగములును నశించినవి. నాటి ప్రేక్షకులు ఇండ్లలో పట్టుకొన్న ధ్వనిముద్రణములును, తెరనుండి తీసిన ఛాయాచిత్రములును మనకు ఆధారములు. వానినిబట్టి 2016లో ఈ రెండవ కథను చలనచిత్రణముగా పునర్నిర్మించిరి.

‘ది టెన్త్ ప్లానెట్’ కథలో విరోధులు సైబర్‌మన్ అనువారు. వీరిని జెరీ డేవిస్‌తో కలిసి కల్పించినవాడు వైద్యపరిశోధకుడైన కిట్ పెడ్లర్. మోండాస్ అను గ్రహమున పుట్టిన ఈ జాతివారు ఒకప్పుడు మనవంటివారే. దేహము క్షీణించుచుండగా అవయవమునకు బదులు అవయవముగా లోహమును, ప్లాస్టిక్కును అమర్చుకొనిరి. తుదకు అనురాగము, భయము, దుఃఖము మొదలగు వానినిగూడ బలహీనతలని ఎంచి తొలగించుకొనిరి. వారిలో నెవ్వడును మరణించినట్లు కథ చెప్పదు. అయినను వారిని చూచినవానికి, ఆ కవచములలోని మనుష్యులు ఎప్పుడో పోయినారని తోచక మానదు.

ఆ కథ చివరనే డాక్టరు తన ముదుసలి దేహము అరిగిపోయినదని చెప్పి నేలకొరగును. లేచునప్పటికి అతడు పాట్రిక్ ట్రౌటన్. సైబర్‌మన్లు ప్రాణము నిలుపుకొని కరుణను పోగొట్టుకొనిరి. డాక్టరు దేహమును పోగొట్టుకొని కరుణను నిలుపుకొనెను. రచయితలు ఈ సామ్యవైషమ్యమును బుద్ధిపూర్వకముగా కూర్చిరని నేను నిరూపింపజాలను. కాని రెండును ఒక్క కథయందే ఇట్లు ఎదురెదురుగా నిలుచుటచే, దేహము నిలుచుటయే జీవితమను వాదము ఆ మొదటి సందర్భముననే సడలినది.

తరువాతి కథలో క్రొత్త డాక్టరు తాను నవీకరింపబడితినని చెప్పును. ఆ శక్తి టార్డిస్ యంత్రమునకు చెందినదనియు సూచించును. మరణమను మాట అతని నోట రాదు. అయినను అతడు పూర్వపు డాక్టరును గూర్చి అన్యుని గూర్చివలె ప్రథమపురుషలో మాటాడును. పూర్వపు ఉంగరము అతని వ్రేలికి సరిపడదు. సహచరులలో పాలీ ఇతడే డాక్టరని నమ్మును, బెన్ నమ్మడు. విచిత్రమేమనగా, రూపము మారినను అతనిని గుర్తించినట్లు కనబడునది శత్రువైన డాలెక్. ఇది మన శంకరకథను తలపించును. అచ్చట దేహము మారినవానికి తన్ను గుర్తుచేయువారు శిష్యులు. ఇచ్చట రూపము మారినవాడు ఎవడో నిశ్చయించు భారము సహచరులమీదను, శత్రువుమీదను పడినది. తొలినుండియు ఈ ప్రశ్న మారినవానికంటె చూచువారి నెక్కువగా బాధించినది.

1969: శిక్ష

రెండవ మార్పు వచ్చునప్పటికి భావము పూర్తిగా మారినది. టెరెన్స్ డిక్స్, మాల్కమ్ హల్క్ రచించిన ‘ది వార్ గేమ్స్’ పది భాగములుగా 1969 ఏప్రిల్ 19 నుండి జూన్ 21 వరకు ప్రసారమయ్యెను. అందు డాక్టరు జాతివారైన టైమ్ లార్డులు అతనిని విచారించి భూలోకమునకు బహిష్కరింతురు. పోవునప్పుడు రూపము మార్చుకొనవలెననియు ఆజ్ఞాపింతురు. అతడు ఇష్టపడడు. చూపిన ముఖముల నన్నిటిని నిరాకరించును. తుదకు బలాత్కారముగానే ఆ మార్పు విధింపబడును. 1966లో ప్రాణరక్షణమైనది మూడేండ్లకు దండనమైనది. దానిని మరణదండన మనుటకు వీలులేదు. కాని రూపము పోవుట నష్టమని అంగీకరింపనిచో అది దండన మగుట పొసగదు.

అదే తీర్పులో మఱియొక శిక్ష కలదు. దానిని విమర్శకులు అంతగా పట్టించుకొన్నట్లు కానరాదు. డాక్టరు సహచరులు జేమీ, జోయీ అనువారిని వారి వారి కాలములకు పంపివేయుదురు. డాక్టరుతో చేసిన మొదటి ప్రయాణము తప్ప తక్కిన జ్ఞాపకముల నన్నిటిని తుడిచివేయుదురు. 1966 డిసెంబరునుండి రెండున్నర సంవత్సరములు ప్రేక్షకులు చూచిన జేమీ, తన పదునెనిమిదవ శతాబ్దపు స్కాట్లండు యుద్ధభూమికి ఏమియు ఎఱుగనివానివలె చేరును. జోయీకి ఏదో మఱచితినని లీలగా తోచి అంతలో మాయమగును.

డాక్టరుకు ముఖము పోయినది, జ్ఞాపకము నిలిచినది. జేమీకి ముఖము నిలిచినది, జ్ఞాపకము పోయినది. ఈ ఇరువురిలో మరణమునకు సమీపించినవా డెవడు? ఆంగ్లతత్త్వవేత్త జాన్ లాక్ 1694లో వెలువడిన తన గ్రంథపు రెండవ కూర్పున, వ్యక్తి యొక్క ఏకత్వము చైతన్యానువృత్తియందున్నదిగాని దేహమునందు లేదని ప్రతిపాదించెను. ఆ లెక్కను డాక్టరు పోలేదు. ఆ రెండున్నరయేండ్ల జేమీ పోయెను. కాని ప్రేక్షకులు తరువాత చర్చించినది డాక్టరు మార్పునే. జేమీ మరణించెనా అని అడిగినవారు అరుదు. ముఖము మారిన చోట మరణమును శంకించుట, ముఖము నిలిచిన చోట శంకింపకుండుట మన స్వభావమని దీనివలన తెలియుచున్నది. వాదమున కిరుపక్షములవారును ఈ పక్షపాతమును ముందుగా గుర్తింపవలసియున్నది.

1974: బౌద్ధచ్ఛాయ

రీజెనరేషన్ అను మాట కథలో మొట్టమొదట వినబడినది 1974లో ప్రసారమైన ‘ప్లానెట్ ఆఫ్ ది స్పైడర్స్’ అను కథయందు. దీని నిర్మాత, దర్శకుడు బ్యారీ లెట్స్ బౌద్ధధర్మమునందు అభినివేశము కలవాడు. మూడవ డాక్టరుగా జాన్ పెర్ట్వీ నటించిన చివరి కథ యిది. ఇందు డాక్టరు పూర్వము జ్ఞానలోభముచే తెచ్చుకొన్న నీలమణిని తిరిగి యిచ్చుటకు, ప్రాణము పోవునని ఎఱిగియు, భయమును జయించి మహాలూతము గుహకు పోవును. అతని కీ మార్గము బోధించినవాడు టిబెట్టు లామావేషముననున్న అతని పూర్వగురువు కాన్పో. ఈ గురువునకు ఛో-జే అను సహచరుడు కలడు. అతడు వేఱొకడు కాడు. ఆ గురువు ముందు పొందబోవు రూపమునకు ప్రతిబింబము. గురువు పడిపోయినపుడు ఆ ప్రతిబింబమే నిజమగును.

మిలిందపఞ్హమున నాగసేనుడు మిలిందునకు చెప్పిన దీపోపమానము విద్యావంతులకు తెలిసినదే. రాత్రి మొదటి జామున వెలుగు జ్వాలయు కడపటి జామున వెలుగు జ్వాలయు ఒకటి కాదు, వేఱును కాదు. 1974 నాటి కథ కాయపరివర్తనమును ఈ దృష్టితోనే చూచినది. విడువవలసినది అహంకారము. అది పోవుట మరణమే. కాని భయపడదగిన మరణము కాదు. 1966లో దాచబడి, 1969లో శిక్షగా కనబడిన నష్టము ఇచ్చట సాధనగా మారినది. దుఃఖము మాత్రము లేకపోలేదు. గుహనుండి తిరిగివచ్చి నేలబడిన డాక్టరు ప్రక్కన సహచరి సారా జేన్ కన్నీరు కార్చును. గురువునకు మరణభయము లేదు, శిష్యునకు లేదు, ఏడ్చునది మిగిలిన మనిషి.

1976 నుండి 1984 వరకు

రాబర్ట్ హోమ్స్ 1976లో రచించిన ‘ది డెడ్లీ అసాసిన్’ ఈ మార్పునకు పండ్రెండు పర్యాయములని అవధి విధించెను. ఇది పైకి చిన్న నియమమువలె తోచును. కాని దీనివలన కాయపరివర్తనమునకును మరణమునకును కథయే హద్దు గీచినట్లైనది. పదుమూడవ రూపము తరువాత వచ్చునది మరణము; అంతకు ముందు వచ్చునది మరణము కాదు. మరణము కాదనువారికి ఇది బలమైన ఆధారము. 2007లో మాస్టరు అను విరోధి కావలెనని కాయపరివర్తనమును నిరాకరించి చనిపోవుట ఈ భేదమునే స్థిరపఱచినది. నిరాకరించుట మరణమైనచో అంగీకరించుట మరణము కారాదు గదా అని వారి తర్కము.

కాని ఆ హోమ్స్ రచయితయే 1984 మార్చిలో ప్రసారమైన ‘ది కేవ్స్ ఆఫ్ ఆండ్రోజానీ’ యందు ఆ హద్దును చెరిపినాడు. అందు అయిదవ డాక్టరును, పెరి అను సహచరియు విషమునకు లోనగుదురు. విరుగుడు ఒక్కరికే చాలునంత మిగులును. పరిచయమై కొంతకాలమే అయిన ఆ యువతికి డాక్టరు దానిని త్రాగించి తాను పడిపోవును. ఆ క్షణమున అతడు ఇది మరణమేనా అని తన్ను తానే ప్రశ్నించుకొనును. కాయపరివర్తన మగునో కాదో తనకే తెలియదని చెప్పును. ఈ అనిశ్చయమే ఆ త్యాగమునకు విలువ నిచ్చినది. తప్పక బ్రదుకుదునని ఎఱిగినవాడు ప్రాణము నిచ్చినాడనుట మాట మాత్రమే. నియమము ప్రకారము అది మరణము కాదు. కాని చేయువాడు దానిని మరణముగానే ఎంచి చేయవలసియున్నది.

2005 తరువాత

1989లో ఆగిన ధారావాహిక, 1996లో వచ్చిన ఒక చలనచిత్రము తరువాత, రస్సెల్ టి. డేవిస్ ఆధ్వర్యమున 2005లో మరల ప్రారంభమయ్యెను. ఆయన రచించిన ‘ది ఎండ్ ఆఫ్ టైమ్’ 2009 డిసెంబరు 25, 2010 జనవరి 1 తేదీలలో ప్రసారమయ్యెను. అందు పదవ డాక్టరు విల్ఫ్రెడ్ అను వృద్ధునితో తన మనస్సు విప్పి చెప్పును. మార్పు జరిగినను తనకది చావువలెనే యుండుననియు, తానైనదంతయు పోయి మఱియెవడో లేచి నడిచిపోవుననియు అతని మాటల భావము. మరణవాదము కథలో ఇంత స్పష్టముగా వినబడుట ఇదియే మొదలు. తుదకు ఆ వృద్ధుని కాపాడుటకే అతడు ప్రాణమిచ్చును. పోవుటకు ముందు పూర్వసహచరుల నందఱిని ఒక్కొక్కమారు చూచివచ్చును. నలువది మూడేండ్ల క్రిందట నేలకొరగి మౌనముగా మారిన పాత్ర ఇప్పుడు సెలవు తీసికొని మారుచున్నది.

దీనికి ప్రత్యుత్తరము స్టీవెన్ మాఫట్ 2013 డిసెంబరు 25వ తేదీ కథలో ఇచ్చెను. జీవితమంతటను మనుష్యులందఱును మారుచునే యుందురు. వెనుకటి తన్ను మఱవకుండినచో ఆ మార్పు తప్పు కాదని పదునొకండవ డాక్టరు ఆశయము. ఆయనయే 2017 డిసెంబరు 25వ తేదీ కథయందు మొదటి డాక్టరును పండ్రెండవ డాక్టరును దక్షిణధ్రువమున, అనగా 1966 కథాస్థలముననే, కలిపెను. ఇరువురును మారుటకు నిరాకరించుచుందురు. మరణించువారి జ్ఞాపకములను గాజుబొమ్మలలో నిలుపు ఒక సంస్థ ఆ కథలో కలదు. బిల్ పాట్స్ అను సహచరి ఆ బొమ్మరూపమున వచ్చి తాను బిల్లునే అనును. డాక్టరు అంత సులభముగా నమ్మడు. జ్ఞాపకమొక్కటే మనిషి అగునా అను ప్రశ్న డాక్టరు నోటనే వచ్చుట గమనింపదగినది. అంతకు ముందు అదే సంవత్సరమున ఈ బిల్లు దేహమును సైబర్‌మన్‌గా మార్చియుండిరి. అయినను ఆమె మనస్సు లోబడలేదు.

2023 డిసెంబరు 9వ తేదీన ప్రసారమైన ‘ది గిగిల్’ యందు పూర్వరూపము పోకయే క్రొత్తరూపము వేరుపడి, ఇద్దఱు డాక్టర్లు ఒక్కచోట నిలుతురు. డెరెక్ పార్ఫిట్ 1984లో ప్రకటించిన తన గ్రంథమున ఇట్టి విభజనను ఊహించి, అపుడు ‘అతడే ఇతడా’ అను ప్రశ్నకు అర్థము లేదనియు, విలువైనది ఏకత్వము కాదు, మానసికానుబంధమనియు వాదించెను. ఇద్దఱు ఎదురుగా నిలిచినపుడు ఇద్దఱును ఒక్కడే అనలేము. ఒకడు చచ్చెననియు అనలేము.

నిర్ణయము

పై చరిత్రనుబట్టి మూడు విషయములు తేలుచున్నవి. మొదటిది: కాయపరివర్తనము వ్యక్తిమరణము కాదు. క్రొత్త డాక్టరు పూర్వుని జ్ఞాపకములకే కాదు, అతని ఋణములకును, వాగ్దానములకును, అపరాధములకును వారసుడగుచున్నాడు. ఒకడు చేసిన తప్పునకు పశ్చాత్తాపము మఱియొకడు పడలేడు, ఇతడు పడుచున్నాడు. రెండవది: అయినను ఇందు నష్టము నిజము. ఆ చిరాకు, ఆ నవ్వు, ఆ మనిషి టీ త్రాగు తీరు తిరిగి రావు. తిరిగి రానిదాని పేరు మరణమే. వ్యక్తి నిలిచి, వ్యక్తి యొక్క తీరు గతించుచున్నది. మూడవది: ఈ మరణమునకు సాక్షి మారినవాడు కాడు. అతడు లేచి క్రొత్త చొక్కా వెదకుకొనుచుండును. బెన్, సారా జేన్, విల్ఫ్రెడ్, వారితోపాటు ప్రేక్షకుడు — ఏడ్చువారు వీరు. కావున ఇది ఒక విధమైన మరణమా అను ప్రశ్నకు ‘అవును, మిగిలినవారికి’ అనుట యుక్తము.

ఇది కల్పనకు మాత్రమే పరిమితమైన విచారము కాదు. ఈ మార్పునకు కారణమైన హార్ట్నెల్ 1972 డిసెంబరునుండి 1973 జనవరి వరకు ప్రసారమైన ‘ది త్రీ డాక్టర్స్’ యందు చివరిసారి కనబడెను. అప్పటికి ఆయన ఆరోగ్యము మిక్కిలి క్షీణించినది. కూర్చుండి, ఎదుట అట్టలపై వ్రాసిన మాటలను చదివి ఆ పాత్రను నిర్వహించెను. 1975 ఏప్రిల్ 23వ తేదీన మరణించెను. నటునికి జ్ఞాపకము సడలుచుండగా, పాత్ర జ్ఞాపకము ఇతరుల దేహములలో అవిచ్ఛిన్నముగా సాగినది. మన ఇండ్లలోను వార్ధక్యమున జ్ఞాపకము పోయిన పెద్దలు కలరు. వారి ముఖము అదియే. పిలిచిన పలుకరు, పలికినను మనల నెఱుగరు. ముఖము నిలిచియున్నదిగదా యని లోకము మన దుఃఖమును దుఃఖముగా నెంచదు. జేమీని మఱచి డాక్టరును తలచిన ప్రేక్షకుల పొరపాటే ఇది. శ్మశానమునకు ముందే కొన్ని మరణములు జరుగుననియు, వానికి దుఃఖించుట తప్పు కాదనియు, అట్లని ఎదుటనున్నవానిని పోయినవానిగా ఎంచి విడువరాదనియు ఈ కథాచరిత్ర మనకు తెలుపుచున్నది. ఎవరని నిశ్చయింపలేకపోయినను, క్రొత్త డాక్టరు వెంట పాలీయు బెన్నును నడువక మానలేదు.